అవ్వ మంచం కొట్టంలోకి పోయిన ఎండాకాలం

మొన్న మా మనవరాలి ఇంట్లో ఒక గొడవ జరిగింది. దాని పెద్దకూతురు, ఇంకా బడికి కూడా పోని పిల్ల, ఉయ్యాలలో నిద్రపోతున్న పసి తమ్ముణ్ణి తొడ మీద గట్టిగా గిల్లింది. వాడు కేరుమన్నాడు. ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చి దాన్ని తిట్టారు. "నువ్వు అక్కవి కదా, పెద్దదానివి కదా" అని తలా ఒక మాట అన్నారు. అది ఏడవలేదు. గోడకు వీపు ఆనించి, పెదవి బిగబట్టి, ఉయ్యాల వైపే చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మందలించడానికి నోరు రాక దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. దానికంటే పెద్దదాన్నయ్యాక కూడా నేను అట్లాగే ఒక ఎండాకాలమంతా నిలబడి చూశాను. ఉయ్యాల వైపు కాదు, మా అవ్వ మంచం వైపు.

మా ఊరు గిద్దలూరుకూ నల్లమల కొండకూ మధ్యన ఉంటుంది. అప్పట్లో మాకు జిల్లా కర్నూలు. ఆపైన చెన్నపట్నం అని ఒకటి ఉందనీ, అక్కడ తెల్లదొరలు ఉంటారనీ వినడమే. ఎక్కడో సముద్రాల అవతల యుద్ధం జరుగుతోందనేవాళ్ళు. దాని మూలంగా మా ఊళ్ళో కిరసనాయిలు కరువైంది, గుడ్డ కరువైంది. కంట్రోలు గుడ్డ కోసం నాయన కంభం దాకా పోయి, ఒట్టి చేతులతో తిరిగొచ్చిన రోజులున్నాయి. చిరిగిన చీరను ఎవరూ పారేసేవాళ్ళు కాదు. మా అవ్వ దగ్గరికి తెచ్చేవాళ్ళు.

అవ్వ మా నాయనకు తల్లి. నాయన పాకే వయసులో ఉండగానే తాత పోయాడట. తెల్లచీర కట్టుకుని, మగవాళ్ళతో సమానంగా సేద్యం చేసి బిడ్డల్ని పెంచింది. అక్షరం ముక్క రాదు. కానీ ఆ చేతుల్లో ఏదో ఉండేది. పాతగుడ్డలు పొరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టేది. ఆ పని అందరూ చేసేవాళ్ళే. అవ్వ మాత్రం వాటి మీద బొమ్మలు కత్తిరించి వేసి కుట్టేది. నెమలి, తేలు, జొన్నకంకి, నీళ్ళకుండ ఎత్తుకున్న ఆడమనిషి. ఊళ్ళో ఎవరింట బిడ్డ పుట్టినా అవ్వ బొంత పోవలసిందే. చాకలి ఇంటికైనా, కరణం ఇంటికైనా, ఊరి బయట పేటకైనా. ఏ బిడ్డకు ఏ బొమ్మ వేయాలో తల్లి ముఖం చూసి తేల్చేది.

తమ్ముడు పుట్టగానే అమ్మ నన్ను అవ్వకు అప్పగించింది. అప్పటినుంచి నా పడక అవ్వ పక్కనే. ఆమె ఒంటిమీద ఆముదం వాసన, చీరలో గంజి వాసన, నోట్లో వక్కాకు వాసన కలిసి ఉండేవి. ఆ మూడూ కలిస్తేనే నాకు నిద్ర. సజ్జరొట్టె మీద వెన్న రాసి, మధ్యలో బెల్లం ముక్క దాచి పెట్టేది. కళ్ళు మసకబారడం మొదలైంది కాబట్టి సూదిలో దారం ఎక్కించే పని నాది. ఆ పని ఇంకెవరినీ ముట్టనిచ్చేదాన్ని కాదు. అవ్వ దూడను నిమిరితే దూడ మీద కోపం. పెదనాయన పిల్లలు వచ్చి ఆమె ఒళ్ళో కూర్చుంటే కందిరీగ వచ్చిందని అరిచి లేపేదాన్ని. అవ్వకు అన్నీ తెలుసు. నవ్వి ఊరుకునేది.

అట్లా ఉండగా వానల్లేని ఏడు ఒకటి వచ్చింది. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. బావుల్లో నీళ్ళు అడుగంటాయి. మా చేలల్లో కలుపుతీసే ఒకామె ఉండేది. పేట మనిషి. పేటలో వాళ్ళందరూ కిరస్తానీలు. ఆదివారం పొద్దున మట్టిగోడల గుడి నుంచి వాళ్ళ పాటలు మా చేల దాకా వినపడేవి. పనుల్లేక పేటలో సగం గుడిసెలకు తడికెలు కట్టేసి జనం వెళ్ళిపోయారు. ఈమె మార్కాపురం దగ్గర పలకల గనుల్లో రాళ్ళు మోయడానికి పోయింది. మొగుడు లేని మనిషి. నా వయసు కూతురు ఒకతే తోడు. కొన్నాళ్ళకు ఆ కూతుర్ని చేయి పట్టుకుని మా దొడ్డివాకిట్లో నిలబడింది.

"పెద్దమ్మా, ఆ రాతిదుమ్ముకు పిల్లకు దగ్గు పట్టుకునింది. వానలు పడేదాకా మీ గొడ్ల కాడ ఉండనీ తల్లీ. గడ్డి ఏస్తాది, పేడ తీస్తాది. ఇంత సంగటి పెట్టు, చాలు" అంది.

అవ్వ ఆ పిల్లను దగ్గరికి రమ్మని రెక్క పట్టుకుని చూసింది. "పేడ తీసేదానికి దీనికి సత్తువ యాడుందే! నువ్వు పోయిరా. నేను చూసుకుంటా."

ఆమె మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోయింది. పిల్ల ఏడవలేదు. బక్కగా, నల్లగా, పెద్ద కళ్ళతో ఉంది. కొట్టం గుంజకు ఆనుకుని నన్ను కింది నుంచి పైదాకా చూసింది. నేనూ చూశాను.

పేట పిల్ల మా ఇంటి గడప దాటకూడదు. ఎవరూ చెప్పనక్కరలేదు, అందరికీ తెలిసిందే. దాని పడక పశువుల కొట్టంలో, గడ్డివామి పక్కన. ఆ రాత్రంతా దగ్గు వినపడుతూనే ఉంది. తెల్లవారగానే అవ్వ నాయనను పిలిచింది.

"ఒరే, నా మంచం ఎత్తకపోయి కొట్టంలో ఎయ్యరా."

"ఎందుకమ్మా?"

"ఆ బిడ్డ దగ్గతా ఉండాది. దాన్ని మీరు లోపలికి రానియ్యరు గదా. నేనే బయటికి పోతా."

నాయన ఏం చేయాలో తెలియక తల గోక్కుంటూ నిలబడ్డాడు. పక్కింట్లోనే ఉండే మా చిన్నతాత, అంటే తాతకు తమ్ముడు, సంగతి విని కండువా దులుపుకుంటూ వచ్చాడు. మా ఇళ్ళకంతా పెద్ద ఆయనే. ఆయన ముందు నాయన నోరెత్తడు.

"ఏంది వదినా ఇది? ఊరు నవ్వుతాది. ఆ పిల్లను తాకి మళ్లా ఈ గడప తొక్కేదెట్ల?"

"అయితే తొక్కనులే" అంది అవ్వ.

"ఎన్నాళ్ళు తొక్కవు?"

"దాని తల్లి వచ్చేదాకా. నా సంగటి గడప కాడ పెట్టండి. నేనొచ్చి తీసుకుంటా."

అరుస్తుందనో, ఏడుస్తుందనో చిన్నతాత ఎదురుచూశాడు. ఆమె అప్పటికే దిండు చంకన పెట్టుకుంది. తన గుడ్డల మూట, కత్తెర, సూదుల డబ్బా తీసుకుని మెట్లు దిగి పోయింది. నాయన వెనకాలే మంచం మోసుకుపోయాడు. నేను గడప లోపల నిలబడిపోయాను. నన్ను రమ్మంటుందని చూశాను. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రోజు నేను సంగటి ముట్టలేదు. అమ్మ తమ్ముడికి పాలిస్తూ, "ఏమైందిమే నీకు? యాడికో పోయినట్ల ఏడస్తావేంది, కొట్టంలోనే గదా ఉండేది" అంది. కొట్టం కంటే రంగూను దగ్గరనిపించింది నాకు.

వంటింటి కిటికీలోంచి కొట్టం కనపడుతుంది. అక్కడ నిలబడి చూడడమే నా పని అయిపోయింది. అవ్వ మిరియాల కషాయం కాచి ఆ పిల్లకు తాగించేది. దాని తలకు ఆముదం అంటేది. నా ఆముదం. సజ్జరొట్టె తుంచి సగం దానికి పెట్టేది. మధ్యలో బెల్లం ముక్క ఉందో లేదో అని నేను కిటికీ చువ్వలకు ముఖం ఆనించి చూసేదాన్ని. ఇవన్నీ ఎట్లాగో ఓర్చుకున్నాను. ఒకనాడు ఆ పిల్ల "అవ్వా, నీళ్ళు కావాల్నా?" అని అడిగింది. అవ్వా! అందరిలాగా పెద్దమ్మా అనకుండా అవ్వా అంటుందా? నా నెత్తిమీద నిప్పులు పోసినట్టయింది. దానికి ఆమె "తే బంగారూ" అంది. నన్నెప్పుడూ బంగారూ అనలేదు.

మర్నాడు జ్వరం వచ్చిందని పడుకున్నాను. నుదురు వేడిగా ఉండాలని పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చుని మరీ వచ్చి పడుకున్నాను. అమ్మ కంగారుపడి కొట్టానికి కబురు పంపింది. అవ్వ వచ్చింది. గడప దాటలేదు. కిటికీ బయట నిలబడి చువ్వల సందులోంచి చేయి పెట్టి నా నుదురు తాకింది, మెడ తాకింది, పాదాలు చాపమని అవి కూడా తాకింది.

"నుదుట జొరముండాది. మెడ కాడ లేదు. ఇదేం జొరమే!" అని నవ్వింది. "లెయ్ లెయ్. నువ్వే ఇక్కడికి రా. గడప నాకుగానీ నీకు అడ్డమా?"

"వస్తే మళ్ళీ లోపలికొచ్చేటప్పుడు తానం చెయ్యాలంట" అన్నాను.

"చేద్దువులే."

ఎగిరి దూకాను. సాయంత్రం అమ్మ నన్ను గడప దగ్గర ఆపి, అడుగంటిన బావిలోంచి తెచ్చిన బిందెడు నీళ్ళు నా నెత్తిన పోసింది. రెండో నాడు చెంబుడు పోసింది. ఆ తర్వాత తాగడానికే నీళ్ళు చాలక, చిన్నతాత చూడకుండా నాలుగు చుక్కలు చల్లి "పో లోపలికి" అనేది. అవీ కొన్నాళ్ళకు మానేసింది.

కొట్టంలో అవ్వ కొత్త బొంత మొదలుపెట్టింది. అంత పెద్దది నేనెప్పుడూ చూడలేదు. ఎవరికని అడిగితే "అయినాంక చూద్దాం" అంది. నాకేనని అనుకున్నాను. నేను దారం ఎక్కించేలోపు ఆ పిల్ల సూది అందుకుని, దారం కొసను పంటితో కొరికి, ఒక్కసారికే ఎక్కించేసేది. అంతటితో ఆగలేదు. కుట్టడం మొదలుపెట్టింది. దాని కుట్టు చీమల బారులాగా సన్నగా, సమంగా పోయేది. నాది మేక నడిచినట్టు ఉండేది. వేళ్ళన్నీ పొడుచుకున్నాను.

ఒకరోజు అవ్వ బొంత నడుమ ఏ బొమ్మ వెయ్యాలా అని ఆలోచిస్తోంది. నేను నెమలి వెయ్యమన్నాను. ఆ పిల్ల "రైలెయ్యి అవ్వా" అంది.

అవ్వ చేతిలోని కత్తెర ఆగిపోయింది. "రైలా! ఎట్లేద్దామే?"

విరిగిన గొడుగు ఒకటి కొట్టం చూరులో ఉండేది. ఆ పిల్ల దాన్ని లాగి తెచ్చి, నల్లగుడ్డను నేల మీద పరిచి, వేలితో చూపించింది. ఇది ఇంజను, ఇవి పెట్టెలు, ఇది పొగ. పొగకు అవ్వ తన చీర కొంగే చింపి ఇచ్చింది. ఇద్దరూ తలలు ఆనించుకుని కత్తిరిస్తున్నారు. "ఈ బిడ్డ చేతిలో ఉండాదే విద్య" అంది అవ్వ, ఎవరితోనో అన్నట్టు. నేను లేచి బయటికి వచ్చేశాను. చింతచెట్టు కింద కూర్చుని చిగురు పుల్లపుల్లగా నమిలాను.

కాసేపటికి ఆ పిల్ల వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఏంది?" అన్నాను.

"మా అమ్మ వచ్చి నన్ను తీసకపోతాది. నీ అవ్వను నువ్వే ఉంచుకో. నాకేం అక్కర్లా."

అది వెళ్ళబోయి మళ్ళీ ఆగింది.

"మీ అమ్మ నీకు దినామూ తల దువ్వుతాదా?"

"దువ్వుతాది. ఎందుకు?"

"ఊరికే అడిగినా" అని వెళ్ళిపోయింది. దాని కళ్ళలో ఏముందో అప్పుడు నాకు పట్టలేదు. మా అమ్మ పెద్ద కోపిష్టి. తల దువ్వేటప్పుడు చిక్కు పడితే నెత్తిమీద మొట్టేది. అందులో కుళ్ళుకోవడానికి ఏముందనుకున్నాను. అయినా నాకు తెలియకుండానే అప్పటినుంచి అమ్మ దువ్వడానికి పిలిస్తే కొట్టం వైపు వీపు పెట్టి కూర్చునేదాన్ని.

ఆ తర్వాత మేం స్నేహితులమైపోలేదు. పక్కపక్కనే కూర్చుని కుట్టాం, అడవిలోంచి చెంచులు తెచ్చిన తునికిపండ్లు ముగ్గురం పంచుకు తిన్నాం, పేడ కలిసి ఎత్తాం. అది ఆదివారం వాళ్ళ పాట పాడితే అవ్వ తిరగలి తిప్పుతూ ఆ వరసలోనే తన మాటలు పెట్టి పాడేది. ఆవుల మీదా, రాని వాన మీదా, వంటింటి కిటికీలో మూతి ముడుచుకున్న పిల్ల మీదా కూడా. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. నవ్వుతూనే నేను అవ్వ చేయి ఎవరి వీపు మీద ఉందో చూసుకునేదాన్ని.

చివరికి వాన పడింది. మొదటి వానకే మట్టివాసన ఇల్లంతా నిండింది. అవ్వ కొట్టం చూరు కింద చేతులు చాపి నిలబడింది. ఆరుద్ర పురుగులు కనపడే రోజుల్లో ఆ పిల్ల తల్లి గనుల నుంచి తిరిగొచ్చింది. జుట్టంతా బూడిదరంగు రాతిపొడి. ఆమెను చూడగానే, అన్నాళ్ళూ కన్నీటి చుక్క రాల్చని పిల్ల పెద్దగా ఏడుస్తూ పరుగెత్తింది.

అవ్వ రైలు బొంతను మడిచి ఆ పిల్ల నెత్తిన పెట్టింది. ఆ పిల్ల తల్లి వంగి దణ్ణం పెట్టబోతే పట్టుకుని ఆపింది. "నేనేం చేసినానే? అదే నన్ను సాకింది ఈ ఎండలంతా" అంది. వాళ్ళు పేట దారిన పోతుంటే నేను సంతోషంగా చూశాను. ఇక అవ్వ నాది.

నాయన మంచం లోపలికి తెచ్చాడు. చిన్నతాత పురోహితుణ్ణి పిలిపించి ఏవో నీళ్ళు చల్లించాడు. అవ్వ ఏమీ అనకుండా చల్లించుకుంది. నేను మళ్ళీ ఆమె పక్కన పడుకున్నాను. ఆముదం, గంజి, వక్కాకు, అన్నీ ఉన్నాయి. కానీ అవ్వ ముఖం వాకిలి వైపే ఉండేది. సజ్జరొట్టె తుంచుతూ ఆగిపోయేది. ఎదురుగా ఉన్న పిల్లనైతే మోచేత్తో తోయవచ్చు. వెళ్ళిపోయిన పిల్లను ఏం చేయాలో నాకు తెలియలేదు.

కాలం గడిచింది. ఆ పిల్ల మిషను బడిలో చదువుకుంది. టీచరైంది. తెల్లవాళ్ళు వెళ్ళిపోయాక, మా చిన్నతాత కూడా పోయాక, ఆమె మా ఇంటి గడప దాటి లోపలికే వచ్చేది. నన్ను కొమరోలు దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. సేద్యం, అత్తమామలు, పిల్లలు. ఏడాదికి ఒకసారి పుట్టింటికి రావడమే గగనం. టీచరమ్మ నెలకోసారి వచ్చేది. అవ్వకు రంగురంగుల దారపుండలు తెచ్చేది. ఆమె వచ్చిందంటే అవ్వ ముఖం దీపంలాగా వెలిగేదని మా మరదలు చెప్పేది. నా కళ్ళతోనూ చూశాను. నేను వచ్చినప్పుడు మాత్రం అవ్వ నెమ్మదిగా "వచ్చినావామే" అనేది. చేయి పట్టుకుని ఊరికే కూర్చునేది. నవ్వేది కాదు. తిరిగి పోయేటప్పుడు బండిలో దారి పొడుగునా నేను దాన్నే తలుచుకునేదాన్ని.

అవ్వ చాలా కాలం బతికింది. కొడుకులిద్దరినీ తన కళ్ళముందే కాటికి పంపింది. ఆ కళ్ళు పూర్తిగా పోయాక కూడా గుడ్డను వేళ్ళతో తడిమి, ఇది పాతచీర, ఇది పంచె అని చెప్పేది. చివరి ఏడు నేను చూడ్డానికి పోయాను. పొద్దుటి ఎండలో వాకిట్లో మంచం వేసి పడుకోబెట్టారు. పిట్టంత అయిపోయింది. నేను పట్టెమీద కూర్చోగానే నా చేయి తడిమింది. ముఖమంతా వెలిగింది.

"వచ్చినావా టీచరమ్మా?"

నేను కాదని చెప్పబోయాను. ఆ వెలుగు చూసి నోరు రాలేదు. అది నా వైపు తిరగడం అదే మొదలు.

"ఆఁ, వచ్చినానవ్వా."

"నీతో ఒక మాట చెప్పాల. మా కొమరోలు పిల్లతో అనబాక."

"అననులే. చెప్పు."

"దానికి నువ్వంటే కుళ్ళుమే. చిన్నప్పట్నించీ అంతే. నీ మీద ఏం లేదు దానికి. నేను నిన్ను చూసి నవ్వతా, దాన్ని చూసి నవ్వను. అది కనిపెడతాది."

ఎట్లాగో అడిగాను. "ఎందుకు నవ్వవు అవ్వా?"

అవ్వ నా వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతోంది.

"నువ్వొస్తే నాకు సంతోషంమే. నాలుగు మాటలు చెప్తావు, పోతావు, మళ్లా వస్తావు. అదొస్తే, మళ్లా పోతాదే అని అది బండి దిగినప్పట్నించే నాకు ఏడుపొస్తాది. దాని ముందర ఏడవకుండా ఉండేదానికే నాకు సరిపోతాది. ఇంక నవ్వేదెట్ల?"

చెంపల మీద కారేవి తుడుచుకోవడానికి నాకు చేయి లేదు. రెండు చేతులూ ఆమె దగ్గరే ఉన్నాయి. నేను ఫలానా అని చెప్పలేదు. చెబితే మళ్ళీ ఏడుపు ఆపుకుంటూ ఊరుకుంటుంది. ఎండ ఎక్కేదాకా అట్లాగే టీచరమ్మగా కూర్చున్నాను. వర్షాలు మొదలవ్వకముందే అవ్వ పోయింది. టీచరమ్మా నేనూ కాటి దారి మలుపు దాకా పక్కపక్కన నడిచాం. ఆ మాట ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు ఆమె కూడా లేదు.

ఆ ఒక్క మాట కోసం నేను చిన్నప్పటినుంచి కాచుకున్నాను. తీరా అవ్వ దాన్ని చెప్పింది నాకు కాదు, ఆమెకు. ఎన్నో ఏళ్ళయింది. నా జుట్టూ అవ్వ జుట్టులాగే తెల్లబడింది. ఇప్పటికీ ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ పొద్దుటి ఎండలో అవ్వ మంచం పట్టెమీద కూర్చున్న టీచరమ్మను తలుచుకుంటే, ఆమె నేనేనని తెలిసి కూడా, నాకు కుళ్ళే.